గవాక్షి చూడు

మొదటి చుక్క చెవిలోకి పోయింది. చల్లగా చెంప మీదుగా జారి, చెవి తమ్మె దగ్గర ఒక క్షణం ఆగి, లోపలికి దిగింది. షాహిస్తా కదలలేదు. చాప మీద వెల్లకిలా పడుకుని, ఒక చేత్తో సీసా, ఇంకో చేత్తో కింది రెప్ప పట్టుకుని, ఇంత చిన్న పని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తను చేసుకోలేదన్న సంగతిని ఎవరి సంగతో అన్నట్టు గమనించింది. సీసా మొన దగ్గరికి వచ్చేసరికి రెప్ప దానంతటదే మూసుకుంటోంది. దానికి ఆమె మాటతో పని లేదు. రెండో చుక్క ముక్కు మీద పడింది. మూడోది, ఎటు పోతుందో పొమ్మని వదిలేసింది గనకేమో, సరిగ్గా కుడికంట్లో పడింది. కళ్ళు మూసి, ముక్కు పక్కన కంటి మూలలో వేలితో నొక్కి పెట్టింది. అలా నొక్కకపోతే మందు గొంతులోకి దిగి చేదు తగులుతుంది. నొక్కినా తగులుతుంది. ముందు చల్లదనం, వెంటనే చిన్న మంట, ఆ మంట తగ్గేలోపు దురద తగ్గడం, ఇవన్నీ వరసగా వస్తాయని ఆమెకు తెలుసు. ఎడమకన్ను ఇంకా మిగిలి ఉంది. ఇసక పోసినట్టు గరగరలాడుతూ, రుద్దు, రుద్దు అని అడుగుతోంది. రుద్దకూడదు. రుద్దితే ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, సాయంత్రానికి మళ్ళీ అందరూ చూసి నిట్టూరుస్తారు. ఈ పూట అలా నిట్టూర్చడానికి వీల్లేదు. సాయంత్రం అసర్ నమాజు కాగానే అక్బర్ వస్తాడు, విడపనకల్లు నుంచి ఎవరినో వెంటబెట్టుకుని.

వచ్చినవాళ్ళు దూది ఏకే మిషన్ చూస్తారు. పరదాకు ఇవతల నుంచి ఆమె ఊ అనాలి, లేకపోతే ఊహూ అనాలి. ఊ అంటే మిషన్ పోతుంది, వెనకాలే ఇంటికి ఆనుకున్న పరుపుల అంగడి పోతుంది, తనూ అత్తా కూతురు షమా పుట్టపర్తిలో అక్బర్ ఇంటికి వెళ్ళిపోతారు. అక్బర్ ఆమె మరిది, అక్కడ ఒక లాడ్జీలో పని, ఇల్లు చిన్నదే అయినా మేడ మీద ఒక గది ఖాళీగా ఉందట. మంచివాడు. రంజాన్ రాకముందే సంగతి తేల్చేస్తే వదినకు మనసు కుదుటపడుతుందని నిజంగానే అనుకుంటున్నాడు. ఆమెకు ఉరవకొండ వదలాలని లేదు. పరుపు గలీబులన్నీ కుట్టింది తనే, దబ్బనం పట్టి పరుపుకు కుచ్చులు వేసింది తనే, మిషన్ పళ్ళలో గుడ్డపేలిక ఇరుక్కుంటే తియ్యడం కూడా వచ్చు. మొగుడు పోయిన ఇద్దత్ గడువు ముగిసి గడప దాటే రోజు రాగానే అంగడి తలుపు తియ్యగలదు. కానీ అలా అందామంటే నోట్లోనే ఒక మాట అడ్డం పడుతోంది. నీకు దూది పడదు గదా వదినా, అన్నాడు అక్బర్ పోయిన వారం. అందులో అబద్ధం లేదు. ఆమెకు దూది పడదన్నది వీధి వీధికీ తెలుసు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన ఏడాదే, చలి వెనకబట్టి గాలి తిరిగే రోజుల్లో, కళ్ళు ఎర్రబడి, ఉబ్బి, నీళ్ళు కారాయి. అప్పట్నుంచీ ప్రతి ఏడూ అంతే, ఉగాదికి ముందు మొదలై ఎండలు ముదిరేదాకా. కొత్త పెళ్ళికూతురు పుట్టింటి మీద బెంగ పెట్టుకుందన్నారు ముందు. తర్వాత దూది అన్నారు. దూది అన్నది కూడా మొగుడే.

హుస్సేన్ పీరా మందు వేసేముందు చేతులు కడుక్కునేవాడు. డాక్టరు చెప్పాడని సబ్బు పెట్టి, మోచేతుల దాకా, నమాజుకు వజూ చేసినంత శ్రద్ధగా కడిగేవాడు. కడిగి లుంగీకి తుడుచుకునేవాడు. లుంగీ నిండా దూది. ఆ సంగతి ఆమె ఎన్నిసార్లు చెప్పినా, అవును గదా అని నవ్వి మళ్ళీ కడిగి, మళ్ళీ లుంగీకే తుడుచుకునేవాడు. ఆయన తల మీద, కనుబొమల మీద, చెవుల వెనక వెంట్రుకల మీద ఎప్పుడూ తెల్లటి పీచు ఉండేది. వయసు రాకముందే ముసలివాడైనట్టు కనిపించి, స్నానం చేసి రాగానే మళ్ళీ వయసులోకి వచ్చేవాడు. బొటనవేలితో ఆమె కింది రెప్పను కిందికి లాగేవాడు. దబ్బనం మొద్దు వెనక నొక్కీ నొక్కీ ఆ వేలు కొయ్యలా ఉండేది. అయినా రెప్ప మీద దాని బరువే తెలిసేది కాదు. గవాక్షి చూడు, అనేవాడు. పైకి చూడు, గవాక్షి చూడు, రెప్ప కొట్టద్దు. బండల కప్పులో వెలుతురు కోసం వదిలిన చదరపు కన్నం అది. ఆమె అటు చూసేది, చుక్క పడేది. "రోగం తెచ్చేది నేనే, మందు తెచ్చేది నేనే. నా అంతటి మొగుడు యాడ దొరకతాడే నీకు?" అనేవాడు సీసాకు మూత బిగిస్తూ. మూత తీసిన నెలకు సీసా పారెయ్యాలి. ఆయన పారేసేవాడు కాదు. అడుగున ఇంత మిగిలినా గూట్లో దాచేవాడు. పోయినేటి సీసా ఇప్పటికీ గూట్లోనే ఉంది, తలుపు పక్కన, అగ్గిపెట్టె వెనక. ఇందాక కొత్త సీసా కోసం చెయ్యి పెడితే ముందు అదే తగిలింది. తీసి చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది. అది పనికిరాదు. పనికిరాదని పారేసే పని ఎవరిదో ఈ ఇంట్లో ఇంకా తేలలేదు.

ఆయన పోయిన రోజు ఆమె ఏడవలేదు. డిసెంబరు చలి. అంగట్లో పరుపు చుడుతూ ఛాతీ పట్టుకుని కూచున్నాడు, ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అయిపోయింది. ఇంట్లో జనం, అత్త జమీలాబీ గుండెలు బాదుకుంటోంది, షమా గొంతు పోయేదాకా ఏడుస్తోంది, ఆమె మాత్రం వచ్చినవాళ్ళకు చాపలు చాలుతాయా అని లెక్క చూసుకుంటూ కూచుంది. కన్నీళ్ళు రాకపోవడాన్ని ఆడవాళ్ళు గమనిస్తున్నారని తెలుసు. తెలిసినా రాలేదు. ఆయన మంచాన్ని ఎవరో కడిగి బయటి పంచలో వేశారు. ఆ మంచానికి పంచ కొత్త కాదు. ఏటా కళ్ళ జబ్బు మొదలవగానే ఆయనే దాన్ని ఎత్తుకుపోయి పంచలో వేసుకునేవాడు. దూది నాతోనే పండుకుంటాదే, నువ్వు లోపల పండుకో, అనేవాడు. ఎండలు ముదిరి ఆమె కళ్ళు తేటపడ్డాకే మళ్ళీ మంచం లోపలికి వచ్చేది. ఆ నెలల్లో రాత్రి దాహమై ఆమె లేస్తే తలుపు అవతల ఆయన దగ్గు వినబడేది, అంతే. ఇప్పుడు ఆ మంచం మీద పరామర్శకు వచ్చిన మగవాళ్ళు కూచుంటున్నారు. ఆ తర్వాత ఫిబ్రవరి వచ్చింది, గాలి తిరిగింది, కళ్ళు వాటి పని అవి మొదలుపెట్టాయి. ఎర్రబడ్డాయి, ఉబ్బాయి, పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుంటున్నాయి, రోజంతా చెంపల మీద ధార. ఆడవాళ్ళకు ఊరట కలిగింది. పక్కింటి ఈశ్వరమ్మ, వాళ్ళది కిరాణా కొట్టు, తలుపు దగ్గరే నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎంతని ఏడుస్తావు తల్లీ, ఆ కండ్లు పోతాయి. పోయినోడు రాడు గదా." షాహిస్తా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకోకపోతే కారుతున్నాయి మరి. జమీలాబీ ఆ రోజు నుంచీ కోడలితో మెత్తబడింది. వచ్చినవాళ్ళకు చూపించి చెబుతోంది కూడా, కన్నతల్లిని, నా కన్నీళ్ళు నెలకే ఎండిపాయ, దీన్ని చూడండమ్మా, అని. అది పొగడ్తో ఎత్తిపొడుపో షాహిస్తాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని అనిపించలేదు.

షమా మందు తెచ్చి వారమైంది. కాలేజీ నుంచి వస్తూ మెడికల్ షాపులో పాత సీసా పేరు చెప్పి కొత్తది తెచ్చింది. జమీలాబీ వద్దంది. ఇద్దత్‌లో ఉన్న ఆడది, మొగుడు పోయి ఇంకా నాలుగు నెలల పది రోజుల గడువు తీరని మనిషి, పూలు పెట్టుకోకూడదు, అత్తరు పూసుకోకూడదు, కళ్ళకు సుర్మా పెట్టుకోకూడదు. కంట్లో ఏదీ పెట్టకూడదంటే పెట్టకూడదు. సీసా గూట్లోకి పోయింది, పాత సీసా పక్కకు. షాహిస్తా వాదించలేదు. కళ్ళు కారుతూ కూచోవడంలో ఒక సులువు ఉంది, ఎవరూ ఏమీ అడగరు. ఈ రోజు మాత్రం అడుగుతారు. కారే కళ్ళతో ఆమె ఏం చెప్పినా, పాపం ఇంకా తేరుకోలేదంటారు, లేదా చూడండి దూది ఎట్ల చేసిందో అంటారు. రెండిట్లో ఏది అన్నా మిషన్ పోతుంది.

అనంతపురంలో కళ్ళ డాక్టరు దగ్గరికి ఒకసారి పోయారు, షమా బడిలో చేరిన ఏడు. డాక్టరు ముసలాయన, రెప్ప తిరగేసి చూశాడు, లైటు వేసి చూశాడు. ఏడాదంతా ఉంటుందా, కొన్ని నెలలే ఉంటుందా అని అడిగాడు. కొన్ని నెలలే, అంది ఆమె. మీ ఇంటి చుట్టుపక్కల చెట్లేమున్నాయని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే హుస్సేన్ పీరా నవ్వాడు. "చెట్లా సార్? మా తట్టు చెట్లే ఉంటే వానలు పడవా? ఏమీ లేవు సార్. మాది దూది పని." దూదా, అయితే దూదే అయ్యుంటుంది, అన్నాడు డాక్టరు, బయట ఇంకా చాలామంది కూచుని ఉన్నారు. చుక్కల మందు రాశాడు, రోజుకు రెండుసార్లు, సీసా మొన కంటికి తగలకూడదు, రుద్దకూడదు. తిరుగు బస్సు ఎక్కారు. కిటికీ పక్కన ఆమె, కళ్ళకు కొంగు అడ్డం పెట్టుకుని. ఆయన అటు తిరిగి, నా పని నీ కండ్లకు శత్రువైపాయ గదే, అన్నాడు మెల్లగా. ఇంకో పని చూసుకోమంటావా, అన్నాడు. ఇంకో పని ఏమొచ్చు నీకు, అంది ఆమె. అదీ నిజమే, అన్నాడు. ఆ రాత్రే మొదటిసారి మంచం పంచలోకి పోయింది. వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి లోపలికి కొమ్మలు గీసుకున్నాయి దారి పొడుగునా, కమ్ములకు తగిలి చిన్న చిన్న ఆకులు, పసుపుపచ్చటి పొడి ఒళ్ళో రాలాయి. ఒళ్ళు దులుపుకుంటూ వచ్చింది ఆమె, కూడేరు దాటినాక కూడా.

"ఏం చేస్తాండావే చీకట్లో?"

జమీలాబీ గడప దగ్గర నిలబడి ఉంది, తస్బీ పూసల దండ చేతిలో.

"కంట్లో మందేసుకుంటాండా అత్తా."

"మందా? ఇద్దత్‌లో కంట్లో ఏమీ పెట్టగూడదని చెప్తి గదా నీకు."

"అది సుర్మా అత్తా. సింగారానికి పెట్టేది. ఇది మందు. జ్వరమొస్తే మాత్ర మింగుతాం గదా, ఇదీ అంతే. షమా మసీదు హజ్రత్‌ను గూడా అడిగి వచ్చింది."

"అడిగొస్తాది. ఆ పిల్ల చందమామను గూడా అడిగొస్తాది." జమీలాబీ వచ్చి పక్కన కూచుంది, మోకాళ్ళు పట్టుకుని, నిదానంగా. సీసా లాక్కుని వెలుతురుకు ఎత్తి చూసింది. అరచేతిలో ఒక చుక్క వంపుకుని వేలితో రాసి చూసింది. "నల్లగా లేదే. నీళ్ళు గదే ఇవి."

"నీళ్ళ మాదిరే ఉంటాది."

"చెవంతా తడిసిందేందే? చెవికేసినావా?"

"కంటికే ఏస్తే చెవిలోకి పోయింది."

"పరుపులు కుట్టే దానివి, కంట్లో చుక్క ఏసుకోను రాదా?" అంది ముసలామె. తర్వాత తస్బీ ఒళ్ళో పెట్టుకుంది. "ఎవురేస్తాండ్రి నీకు, వాడేనా?"

షాహిస్తా తల ఊపింది.

"పండుకో. సరిగ్గా పండుకో." ఎడమకంటి కింది రెప్ప మీద వేలు పడింది. ఎండు తోలులా గరుకైన వేలు, బరువు మాత్రం లేదు. "పైకి చూడు. గవాక్షి చూడు. రెప్ప కొట్టద్దు."

అదే మాట, అదే వరస, చివర్లో అదే చిన్న గద్దింపు. చిన్నప్పుడు కొడుకును ఒళ్ళో వేసుకుని సుర్మా పెట్టేటప్పుడు జమీలాబీ అన్న మాటే అది, ఆయన పోగొట్టకుండా దాచుకుని, ఏటా ఈ ఇంట్లో ఖర్చు పెట్టిన మాట. షాహిస్తా గవాక్షి చూసింది. చుక్క పడింది. మంట పుట్టి తగ్గింది. కుడికంట్లో పడ్డ మందు అప్పటికే పని చేసింది, ఆ కన్ను తేటగా ఉంది, కొన్ని వారాలుగా నీళ్ళ పొర వెనక కదిలిన కప్పు ఇప్పుడు అంచులతో సహా నిలబడి ఉంది. గవాక్షిలోంచి ఎండ ఏటవాలుగా దిగుతోంది, కొలిచి కోసినట్టు. ఆ ఎండపట్టీ ఆమెకు బాగా తెలుసు. పెళ్ళయిన మర్నాడు పొద్దున మొట్టమొదట చూసింది దాన్నే. ఎండ దిగే చోటల్లా దూది పీచు ఈదేది, చేపపిల్లల్లా, పైకి, కిందికి, అంగట్లో మిషన్ ఆగితే కాస్త నిదానంగా, మిషన్ నడిస్తే గుంపులు గుంపులుగా. ఎన్నేళ్ళు చూసినా అది ఖాళీగా ఉన్న పూట లేదు. ఇప్పుడు ఖాళీగా ఉంది. ఎండ ఉంది, ఎండలో ఏమీ లేదు.

"ఏం చూస్తాండావే అట్ల?"

"దూది."

"ఇంగ యాడిది దూది? వాడు పోయినప్పుడు మిషను మీద పట్ట కప్పితే ఇంతవరకు తీసినోళ్ళు లేరు. రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచేది నేనే గదా. పోగు గూడా లేదు ఇంట్లో."

"లేదు గదా," అంది షాహిస్తా.

జమీలాబీ సీసాకు మూత పెట్టి, గూట్లో పెట్టి, వజూకు నీళ్ళు తోడుకోవడానికి వెళ్ళింది. షాహిస్తా కళ్ళు తెరిచే ఉంచింది. ఇంట్లో దూది లేదు, డిసెంబరు నుంచీ లేదు. పాత పరుపులు విప్పలేదు, బూరుగు కాయలు పగలగొట్టలేదు. ఆమె పక్కన దూది మోసుకుని పడుకునే మనిషి లేడు. అయినా గాలి తిరిగిన రోజుకు కళ్ళు ఎర్రబడ్డాయి, తప్పకుండా, మాట ఇచ్చినట్టు. ఇంకో సంగతి కూడా ఉంది, ఎప్పుడూ కళ్ళ ముందరే ఉన్నది. దూది ఏడాదంతా ఉండేది. ఆషాఢంలో పెళ్ళి పరుపుల గిరాకీ లేకపోయినా, దసరా ముందు మిషన్ పగలూ రాత్రీ నడిచినా, ఆమె కళ్ళు తేటగానే ఉండేవి. కొన్ని నెలలే, అని డాక్టరుకు చెప్పింది తనే. చెట్లేమున్నాయని ఆయన అడిగింది అందుకే. లేచి కూచుంది. పెరటి తలుపు సందులోంచి గాలి వస్తోంది. పెరటి గోడ వెనక వంక, నీళ్ళు పారి ఎన్నేళ్ళయిందో, వంక నిండా ముళ్ళకంప. వంకే కాదు, గాలిమరల గుట్ట దాకా కంప, బీళ్ళ నిండా కంప, బస్సు రోడ్డుకు రెండు వైపులా కంప. ఎవరూ నాటనిది, పొయ్యిలోకి కొట్టుకొచ్చేది, మేకలు కాయలు తినేది, ముల్లు దిగితే తిట్టేది. దాన్ని చెట్టని ఎవరంటారు? ఆయన అబద్ధం చెప్పలేదు. డాక్టరు అడిగింది చెట్ల గురించి. ఇప్పుడు అదంతా పూసి ఉంది, వేలెడు పొడుగు పసుపు కుచ్చులు, కొమ్మ కొమ్మకూ, తేనెటీగల మోత ఇక్కడికే వినబడుతోంది. ఇన్నేళ్ళూ పరుపుల మనిషి పంచలో నులకమంచం మీద పడుకున్నాడు, ఒంటి మీది దూది ఆమెకు దూరంగా ఉంచాలని. ఆమె దాన్ని ఒక పొరపాటులా చూసింది, కుట్టు తప్పిన చోటును తిప్పి చూసినట్టు. ఎక్కడ తప్పిందో కనబడింది. విప్పి కుట్టడానికి మాత్రం మనిషి లేడు.

అజాన్ అయింది, నమాజు అయింది, పంచలో చెప్పుల చప్పుడు అయింది. నులక కిర్రుమంది, ఎవరో బరువైన మనిషి కూచున్నాడు. పట్ట లాగిన శబ్దం, మిషన్ చక్రాన్ని చేత్తో తిప్పిన శబ్దం వచ్చాయి. కొంతసేపటికి పరదా అవతల అక్బర్ గొంతు వినబడింది.

"వదినా, సుబ్బన్న వచ్చినాడు, విడపనకల్లు నుంచి. మిషను చూసినాడు. బాగుండాది అంటాండాడు. నువ్వు ఊ అంటే ఎల్లుండే బండి తెస్తాడంట."

"ఆయనకు టీ ఇచ్చి పంపించు అక్బర్. మిషను ఇచ్చేది లేదు."

"అంటే?"

"ఇద్దత్ కాంగానే అంగడి తీస్తా. నేనే నడుపుతా."

"నీకు దూది పడదు గదా వదినా! అన్న ఉన్నప్పుడే చూస్తిమి గదా ఆ కండ్లు. మేం ఊరికే చెప్తాండామా?"

"ఇంట్లో దూది యాడుండాది ఇప్పుడు? మీ అమ్మను అడుగు, పోగు గూడా లేదు. అయినా కారతానే ఉండాయి గదా. దూది కాదు అక్బర్. ఎనక వంకలో కంప పూసింది. అది."

మంచం మీద సుబ్బన్న నవ్వాడు, కొత్తవాడు గనక నవ్వగలిగాడు. "కంపనా తల్లీ? కంప లేని ఊరు యాడుండాది? పుట్టపర్తికి పోయినా అదే గదా. ఏమప్పా, నన్ను ఉత్తపుణ్యానికి ఈడిదాకా పిలిపిస్తివే!"

అక్బర్ నవ్వలేదు. పరదాకు ఇంకొంచెం దగ్గరగా వచ్చాడు. ఈసారి గొంతులో బేరం లేదు, అన్న కోసం అడిగే తమ్ముడి గొంతు. "ఈ సంగతి అన్నకు తెల్సునా వదినా?"

"తెలీదు," అంది షాహిస్తా.

టీ గ్లాసుల చప్పుడు, చెప్పుల చప్పుడు, బండి కదిలిన చప్పుడు వరసగా వచ్చి పోయాయి. పొయ్యి దగ్గర జమీలాబీ ఏదో గొణుగుతోంది, కోపమో కాదో తెలియకుండా. కాలేజీ నుంచి వచ్చిన షమా సంచీ మేకుకు తగిలించి, పరదా తీసి, తల్లి ముఖాన్ని వెలుతురులో పరీక్షగా చూసింది.

"మందు ఏసుకుంటివామ్మా? కండ్లు బాగుండాయే."

"బాగుండాయి. షమా, పంచలో మంచం లోపలికి తెచ్చెయ్యి."

"ఎందుకమ్మా? రేపు మళ్ళా ఎవరన్నా వస్తే యాడ కూచోవాల?"

"వాళ్ళకు చాప ఎయ్యి," అంది షాహిస్తా. "మంచం లోపలికి తే. గవాక్షి కింద ఎయ్యి."